నాలుగు రూపాయలు తక్కువ

లెక్కల్లో నన్ను మించినవాళ్ళు మా గల్లీలో లేరని తొమ్మిదేళ్ళ వయసులో నాకు గట్టి నమ్మకం. మాదన్నపేటలో పాలు పోసుకుని బతికే ఇళ్ళ నుంచి బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. అది ఉర్దూ బడి. మూడో తరగతికొచ్చేసరికి అంకెలు నా నోట ఉర్దూలోనే పలికేవి. తెలుగులో లెక్కపెట్టడం పేడ ఎత్తేవాళ్ళ పని అనుకునేదాన్ని. అంత పొగరు.

మా అమ్మకు తెలుగు లెక్కే వచ్చు. పొద్దున్నే పాలు పోసి వచ్చి, గడప లోపల కూర్చుని కొంగులోని చిల్లర నేల మీద గుమ్మరించేది. పైసలు ఒక పక్క, అణాలు ఒక పక్క, ఆ తర్వాత బేడలు, పావలాలు, ఎప్పుడో ఒకసారి అర్ధరూపాయి. దేన్ని లెక్కపెట్టినా మా ఇళ్ళలో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. పాలు కొలిచినా అంతే, పిడకలు ఎంచినా అంతే.

వారానికోసారి ఆ చిల్లర మూటగట్టుకుని నయాపూల్ దగ్గర కూర్చుని నాణేలు మార్చే సరాఫు దగ్గరికి పోయి రూపాయలుగా మార్పించుకొచ్చేది. అప్పటికింకా రెండో ప్రపంచ యుద్ధం రాలేదు. రూపాయి అంటే చార్మినార్ బొమ్మున్న వెండి రూపాయే. తెచ్చినవాటిని తవుడు డబ్బా అడుగున దాచిన ముంతలో వేసేది. ఎన్నయ్యాయని మాత్రం చూసేది కాదు. దాచిన సొమ్ము మధ్యలో లెక్కపెడితే పెరగదని ఆమె నమ్మకం.

ఆ ముంత బర్రె కోసం. మా బాపు మంచం పట్టి చనిపోయిన ఏడాది, మందులకూ దినాలకూ అమ్మ గడ్డి అమ్మే సేటు దగ్గర అప్పు తెచ్చింది. మాకున్న ఒక్క బర్రెను దాని కింద రాసిచ్చింది. పీర్ల పండుగ మొదలయ్యే రోజుకు ఎనభై రూపాయలు కట్టాలి, లేదంటే బర్రె ఆయనది. మా ఇద్దరి తిండీ బట్టా, నా బడి పలకా, అన్నీ ఆ బర్రె పొదుగులోంచి వచ్చేవే.

గడువు రోజు మధ్యాహ్నం అమ్మ ముంత తీసి చాప మీద బోర్లించింది. తనే లెక్కపెట్టబోతుంటే నేను పెడతానని ముందుకు జరిగాను. అమ్మ మురిసిపోయింది. "లాభమని మొదలువెట్టు బిడ్డా, మరువకు" అని చెప్పి, బర్రెను కడగడానికి దొడ్లోకి పోయింది.

నేను మరువలేదు. లాభం, ఏక్, దో, తీన్, చార్. బీస్ అనగానే ఒక దొంతి పక్కకు. మళ్ళీ లాభం, ఏక్, దో. మూడు దొంతులు అయ్యాయి. నాలుగోది పదహారు దగ్గర ఆగిపోయింది. మూడిరవైలు అరవై, పైన పదహారు, డెబ్బై ఆరు. నాలుగు తక్కువ.

అమ్మ తడి చేతులతోనే వచ్చి ఇంకోసారి లెక్కపెట్టమంది. పెట్టాను. అంతే వచ్చింది. రెండుసార్లూ ఒకే లెక్క వచ్చినందుకు లోలోపల గర్వపడ్డాను కూడా. ఆ గర్వం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ నాలుగిళ్ళు తిరిగింది. నెలకోసారి ఇచ్చే ఇళ్ళ పాల బాకీలు నెలాఖరుకు గానీ రావు, చేబదులు ఇచ్చేంత కలిగినవాళ్ళు మా గల్లీలో లేరు. ఆ డెబ్బై ఆరూ తీసుకుపోతే సేటు డబ్బూ పట్టుకుంటాడు, బర్రెనూ పట్టుకుంటాడని భయపడి, ముంత ఇంట్లోనే పెట్టి, వట్టి చేతులతో పోయి నాలుగు రోజుల గడువు అడిగింది. మాటంటే మాటే అన్నాడాయన. గుడిమల్కాపూర్ నుంచి ఎక్కువకు కొనే మనిషి అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడట.

పొద్దు వాలకముందే సేటు మనుషులొచ్చారు. బర్రె వాళ్ళకు కదల్లేదు. గుంజారు, కొట్టబోయారు. అమ్మ అడ్డంపోయి పగ్గం తన చేతికి తీసుకుంది. అమ్మ నడిస్తే అదీ నడిచింది. కూరగాయల మార్కెట్ మలుపు దాకా అమ్మే దాన్ని తోలుకుపోయి అప్పగించి వచ్చింది. వచ్చి, ఖాళీ గుంజ దగ్గర పేడ ఎత్తి శుభ్రం చేసింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. అమ్మ ఏడవలేదు.

మూడో రోజు, ఆ రూపాయల్లో కొన్నింటితో ఒక మేకనైనా కొందామని, అవి మంచివో కావో చూపించడానికి ముంత పట్టుకుని నయాపూల్ పోయాం. సరాఫు ఒక్కొక్కటీ మోగించి చూసి, చెక్క మీద పదేసి పేర్చాడు. ఎనిమిది వరుసలు వచ్చాయి. డెబ్బై ఆరే గదా, మళ్ళీ చూడమంది అమ్మ. ఆయన మళ్ళీ ఎంచాడు. "పూరే అస్సీ, అమ్మా" అన్నాడు. నిండా ఎనభై.

అమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్ల ఎట్ల లెక్కవెట్టినవో గట్లనే వెట్టు."

మొదటి రూపాయి తీసి లాభం అన్నాను. రెండోది దాని మీద పెట్టి ఏక్ అన్నాను. నోట ఒకటి, దొంతిలో రెండు. దొంతికి ఒక్కటి చొప్పున నాలుగు దొంతుల్లో నాలుగు రూపాయలు మింగేశాను. రెండోసారీ మింగేశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంట్లో ఎవరు లెక్కపెట్టారని సరాఫు అడిగాడు.

"నేనే భాయ్. సదువు రానిదాన్ని గద" అంది అమ్మ.

అక్కణ్ణుంచి ఎనభై రూపాయలతో సేటు దగ్గరికి ఉరికాం. బర్రె గడువు రోజే చేతులు మారిందట. కొన్న గుడిమల్కాపూర్ మనిషి పేరూ ఇల్లూ సేటు చెప్పలేదు.

ఆ డబ్బు కొన్నాళ్ళకు తిండికే కరిగిపోయింది. అమ్మ ఎవరెవరి కొట్టాల్లోనో పేడ ఎత్తింది. నన్ను మాత్రం బడి మాన్పించలేదు. గల్లీలో ఎవరు గుర్తుచేసినా, ఎవరు నవ్వినా, అదే మాట చెప్పింది, తనకు లెక్క రాక బర్రె పోయిందని. ఆమె అలా చెప్పిన ప్రతిసారీ నేను పుస్తకాల సంచి పట్టుకుని పక్కనే ఉన్నాను. కాదు, నేనే అని ఆమె బతికుండగా ఒక్కసారీ అనలేదు.