ఈస్ట్‌కైతే ఇద్దరిదీ

ఈ రోజు డిగ్రీ పిల్లలకి ఈస్ట్ పాఠం చెప్పాను. రెండు ఈస్ట్ కణాలు కలిస్తే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా రెండింటి నుంచీ పిల్ల కణాల్లోకి వెళ్తుందనీ, మనుషుల్లో మాత్రం తల్లిదే వస్తుందనీ చెప్పి, బోర్డు తుడిచేసి బయటికొచ్చాను.

వరండాలో హుకుంపేట అమ్మాయి ఆగి ఉంది. పెళ్లయిన పిల్ల. ఈ వానల్లోనే ఏడాది నిండని కొడుకుని పోగొట్టుకుని, మళ్లీ క్లాసుకి వస్తోంది.

"మేడమ్, మా గుంటడిది మైటోకాండ్రియా జబ్బని వైజాగ్ డాక్టర్లు సెప్పినారు. అది తల్లి నుంచే వస్తాదని ఇంట్లో సెప్పింది నేనే, పోయినేడు మీ పాఠంలో ఇన్నాను గదా. ఇప్పుడు మా అత్త, నీ కొడుకుని నువ్వే సంపేసినావంటాది. ఈస్ట్‌కైతే సగం మాట మా ఆయనకీ పడేది గదా?"

"పసిపిల్లల్లో ఆ జబ్బులు చాలావరకు అమ్మానాన్నలిద్దరి జన్యువుల నుంచీ వస్తాయమ్మా. ఒకవేళ నీ నుంచే వచ్చినా అది నీ తప్పు కాదు" అన్నాను.



"మరి ఈ ముక్క క్లాసులో సెప్పలేదేటి మేడమ్?"

"సిలబస్‌లో లేదమ్మా" అన్నాను.

ఇంతకన్నా మంచి జవాబు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. రేపు మొదటి పీరియడ్ వాళ్ల క్లాసుకే.