రెండు బెజ్జాల సూది

ముప్పై ఏళ్ళుగా వీధి వీధంతటికీ చొక్కాలు కుట్టిన దర్జీకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ సరే, వారానికోసారి ఇచ్చే రక్తం పట్టించే ఇంజెక్షన్ వల్లే మళ్ళీ కుట్టుమిషన్ తొక్కగలుగుతున్నాడు. బీపీ ఎక్కువుంటే మాత్రం నర్సు ఆ ఇంజెక్షన్ ఇవ్వదు.

"ఈ మందు రక్తనాళాల కండరాన్ని కూడా బిగిస్తుంది బాబాయ్, బొందు లాగినట్టు" అని ఆమె హెచ్చరిస్తే, "బిగించకపోతే లాగు జారిపోదూ?" అని నవ్వేశాడు. మత్తొస్తుందని బీపీ మాత్రలు మానేసి, ఆసుపత్రికి వెళ్ళే రోజు మాత్రం రెండేసి మింగేవాడు. అక్కడ అంకె బుద్ధిగా ఉండేది.

ఈ ఉదయం సూదికి రెండు బెజ్జాలు కనిపించాయి. కళ్ళు నులుముకున్నా రెండే. తల వెనక దిమ్మెక్కిపోతోంది. బొందు మరీ బిగిస్తే పుటుక్కున తెగుతుందని దర్జీకి ఒకరు చెప్పాలా?

"ఏమండీ, కళ్ళేంటి అలా నులుముకుంటున్నారు?" గుండీలు కుడుతున్న భార్య లేచి వచ్చింది.

అతను మిషన్ సొరుగు లాగి, దాచిన మాత్రల అట్టలన్నీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఆసుపత్రికి పద. ఇవి నర్సమ్మకి చూపించి, ఇన్నాళ్ళూ అబద్ధమాడానని చెప్పు."

"మీరే చెప్పొచ్చుగా?"

"దారిలో నా మాట పడిపోతే?"