పెద్దమ్మ ఫోనూ, మా ఇంటి స్పీడూ

ఆ రోజుల్లో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ రావడమంటే కొత్త కోడలు వచ్చినంత సందడి. గుంటూరులో మా వీధికి మొదట వచ్చింది మా ఇంటికే. అమ్మ మోడెమ్‌కి బొట్టు పెట్టింది (హారతి మాత్రం దూరం నుంచే ఇవ్వమని నేను బతిమాలాను). ఈ హడావిడంతా నా ఉద్యోగం కోసం. డాక్టర్లు చెప్పిన రిపోర్టులు విని టైపు చేసే పని ఇంటి నుంచే చేసుకోమంది ఒక హైదరాబాదు కంపెనీ. కాకపోతే శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు పంపిన ఫైళ్ళు చెప్పిన టైముకి తిరిగి పంపి చూపించాలి. నెట్ ఆగిందా, పెట్టె సర్దుకుని అక్కడి హాస్టల్‌కి వెళ్ళాల్సిందే. డిగ్రీ చదువంతా హాస్టల్ సాంబారు తాగి గడిపినదాన్ని, మళ్ళీ ఆ సాంబారు గిన్నె ముందు కూర్చునేది లేదని ఒట్టు పెట్టుకున్నాను.

నెట్‌లో స్పీడు కొలిచే సైటు ఒకటి ఉండేది. నొక్కితే కాటా ముల్లులా ఒక ముల్లు లేచేది. పొద్దున బాగానే లేచింది, భోజనాలయ్యాక చూస్తే చతికిలబడింది. కంప్యూటర్ కోర్సు చేసిన నేను మౌస్ తుడిచాను, మోడెమ్‌కి టేబుల్ ఫ్యాను పెట్టాను, ఆ గదిలో ఎవరూ గట్టిగా నడవకూడదన్నాను. మిర్చి యార్డు నుంచి వచ్చిన నాన్న ఇదంతా చూసి, "ఒక్క మిర్చి టిక్కీలో చెయ్యి పెట్టి లాటులో బస్తాలన్నీ ఇంతేనంటే ఎవడన్నా ఒప్పుకుంటాడా అమ్మా? పొద్దున చూడు, మజ్జాన్నం చూడు, సందేళ చూడు" అన్నాడు. అలాగే చూశాం. రోజూ మధ్యాహ్నమే ముల్లు పడిపోతోంది. ఎక్స్ఛేంజిలో వాళ్ళు అన్నం తిని కునుకు తీస్తున్నారని నేను తేల్చేశాను.

గురువారం మధ్యాహ్నం నాన్న వాళ్ళని దులిపేద్దామని ఫోను ఎత్తాడు. లోపల పక్కింటి పెద్దమ్మ గొంతు! రోజూ భోజనమయ్యాక మాట్లాడినట్టే, పొదిలిలో ఉన్న కూతురికి చెబుతోంది: "చెవిలో ఒకటే గుయ్యిమని గోలే! ఆ పిల్ల కంప్యూటరు పెట్టిన కాణ్ణుంచీ ఈ ఫోను ఇట్టాగే ఏడుస్తంది." అప్పుడు గుర్తొచ్చింది మాకు. పెదనాన్న ఉన్నప్పుడే మా ఫోను వైరుని గోడ మీదుగా వాళ్ళింటికి లాగారు. రెండిళ్ళకీ ఒకటే లైను, ఎత్తి చూసి అవతల మాటలు వినిపిస్తే పెట్టేయడం మాకు అలవాటు. ఎంత అలవాటంటే, నెట్ బిగించిన లైన్‌మన్‌కి ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ ఫోనెత్తినప్పుడల్లా నా ముల్లు పడిపోతోందన్నమాట.

నేను గోడ దగ్గరకు పరుగెత్తి, ఆ వైరు తీసేద్దామన్నాను. పెద్దమ్మ మొహం మాడిపోయింది. "మీ పెదనాన్న గోడెక్కి లాగిన వైరే అది. తీసెయ్యండి. ఆ చేత్తోనే గోడ కూడా ఇంకో నిలువు లేపించండి!" అని కొంగు కళ్ళకద్దుకుంది. నాన్న తల దించుకున్నాడు. వైరు ఉంటే నాకు హాస్టల్ సాంబారు, తీస్తే పెద్దమ్మ కన్నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున లైన్‌మన్ వచ్చి, మా కథంతా విని నవ్వాడు. "దీనికింత పంచాయితీ ఎందుకండీ?" అని సంచిలోంచి, ఫోను మాటనీ నెట్‌నీ విడదీసే అగ్గిపెట్టెంత ఫిల్టర్ ఒకటి తీసి పెద్దమ్మ ఫోనుకి తగిలించాడు. పెద్దమ్మ రిసీవరు చెవికి పెట్టుకుని, "ఏమే, గుయ్యి పోయిందే!" అని గోడ అవతల నుంచి అరిచింది. ఇవతల నా ముల్లు నిటారుగా నిలబడింది. అమ్మయ్య! నాకు ప్రాణం లేచొచ్చింది.

అయినా పెద్దమ్మ ఆ డబ్బీని నమ్మలేదు. నా పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫోను మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మోగినా ఎత్తలేదు, మా ఇంట్లో కూడా ఎత్తొద్దని ఆర్డరు. ఫైళ్ళన్నీ వెళ్ళాయి, ఉద్యోగం వచ్చింది. పొదిలి అక్క మాత్రం మోగించి మోగించి, తల్లికేమైందోనని దొరికిన బస్సెక్కి దీపాలవేళకి గుమ్మంలో దిగింది. ఎందుకొచ్చిందో విని అందరం పడీ పడీ నవ్వాం.

ఇప్పుడు మా ఇంట్లో ఫైబర్. పెద్దమ్మా లేదు, ఆ ఫోనూ లేదు. అయినా నెట్ కాస్త ఆగితే చాలు, "పెద్దమ్మా, ఫోను పెట్టేసెయ్!" అని నా నోటికి వచ్చేస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నావని ఇంట్లో వాళ్ళు అడుగుతారు. నేను నవ్వి, మళ్ళీ స్పీడు చూసుకుంటాను. బాగానే ఉంటుంది. లైను మీద ఇంకెవరూ లేరు కదా.