తెర తీసిన చెయ్యి

"మీ బావ ఈపొద్దు లెయ్యలేదప్పా" అని గుడియాత్తం నుంచి అక్క ఫోన్ చేసినప్పుడు, మరునాడు ఆయనకు చదివి వినిపించాల్సిన రెండు పేజీలను నేను వేలూరు సత్తువాచారిలోని మా ఇంట్లో సరిచూసుకుంటున్నాను. నిద్రలోనే పోయాడు. ముందురోజు సాయంత్రం దాకా మగ్గం మీద కూర్చున్నాడట.

బతికుండగా తిట్టినవాళ్ళను పోయాక పొగడడం నాకు చేతకాదు. అందుకే నన్నెవరూ సంతాప సభలకు పిలవరు. బావను మాత్రం నేనెప్పుడూ తిట్టలేదు. ఆయనే నన్ను ఒకసారి తప్పుపట్టాడు. ఆ సంగతే రాస్తున్నాను.

బావ లుంగీలు నేసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం రాదు. బడిలో నేర్చింది తమిళం. అందువల్ల నేను పత్రికల్లో రాసిందంతా నా నోటితోనే ఆయనకు వినిపించాలి. వింటూ నేస్తూనే ఉండేవాడు. మాట నచ్చకపోతే మగ్గం ఆగేది. అంత ఘాటైన విమర్శ నా మీద ఏ ప్రొఫెసరూ చెయ్యలేదు.

అక్క పెండ్లయిన కొత్తలో నన్ను వేలూరుకు పిలుచుకుపోయి నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా ఒకటి చూపించాడు. పాడుబడిన కోటలో ఒక దొర, మనుషుల రక్తం తాగి బతుకుతాడు. అలాంటివాణ్ణి మా పక్క రత్తకాటేరి అంటాం. కడపట కిటికీ తెర గాలికి తొలిగి, తెల్లవారే వెలుతురు మీద పడి కుప్పకూలిపోతాడు. హాలంతా దొరను చూసి జడుసుకుంటుంటే బావ ఆ తెరను చూస్తున్నాడు. "గుడ్డ ఎంత పల్చగా నేసినారో చూడప్పా, వెలుతురు దాంట్లో నిలబడి ఉండాది" అన్నాడు. ఆ వారంలో ఇంకా మూడుసార్లు పోయి చూశాడు. తర్వాత యాభై ఏండ్లు, ఎవరు మగ్గం దగ్గర కూర్చున్నా ఆ కథ మొదటినుంచి చెప్పేవాడు. ఒక్క దృశ్యం వదిలేవాడు కాదు.

ఆ సినిమాను ఈమధ్య రంగుల్లో మళ్ళీ తీశారు, పాతదాన్ని అడుగడుగునా అనుసరించి. వేలూరులోనే మాట్నీకి ఇద్దరం పోయాం. నాకు అరగంటకే విసుగు పుట్టింది. అదే కోట, అవే మెట్లు, అదే తలుపు. మోకాళ్ళు నొస్తున్నాయని బావకు చెప్పి ఇంటర్వెల్‌లో వచ్చేశాను. ఆ సాయంత్రమే సమీక్ష రాసి, 'మొదటి దృశ్యం నుంచి చివరి దృశ్యం వరకు ఒక్క పోగు కూడా సొంతం కాని నకలు' అని ముగించాను. సంపాదకుడు ఏమీ అడగకుండా అచ్చువేశాడు. సాహితీ మిత్రులు ముగ్గురు ఫోన్ చేసి చీల్చి చెండాడారన్నారు. ఆ ముగ్గురిలో ఒక్కడూ పాతది చూడలేదు, కొత్తదీ చూడలేదు. ఇలాంటివాళ్ళ మెప్పుకోసం నలభై ఏండ్లు రాశాను.

గుడియాత్తం పోయి బావకు చదివాను. చివరి వాక్యం దగ్గర మగ్గం ఆగింది.

"కడసీను నువ్వు యాడ చూసినావు?"

నేను కాగితాలు మడిచాను.

"పాతదాంట్లో తెర గాలికి తొలిగింది. దీంట్లో గాలి లేదు. దొర పక్కన ఉండే ఆ అమ్మి లేసి, కిటికీ కాడికి పోయి తన చేత్తో తీసింది. తెలిసే తీసింది. చూడకుండా రాసినావే నాయనా."

గొంతులో కోపం లేదు. అది ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. దానికి బదులు చెప్పడం నాకు వచ్చు.

మగ్గం మీద ఒక పడుగు నేసి ముగించాక, మిగిలిన జానెడు పోగుల్ని కోసి పారెయ్యరు. ఆ పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతుకుతారు. వేలకు వేలు. ఒకటి తప్పితే గుడ్డ పొడుగునా ఆ తప్పు కనిపిస్తూనే ఉంటుంది. మా అక్క జీవితమంతా చేసిన పని అదే. బావ ఆ కొసల్ని నాకు చూపించాడు. "నకలంటే సులువనుకున్నావా? వాళ్ళు ఇట్లా అతికినారు. అన్ని వేల పోగుల్లో ఒకటి మాత్రం వాళ్ళది. అది నీ కంటికి పడల్యా. మళ్ళా చూడు. మళ్ళా రాసి, నాకు చదువు."

నేను రాయలేదు. సంపాదకుడు ఒప్పుకోడన్నాను. అతన్ని అడగనే లేదు. బావ మాత్రం పోయిన ప్రతిసారీ, రాసినావా అని ఒక్కమాట అడిగేవాడు. ఒకసారి అక్క ముందరే, "ఆ మోకాళ్ళ నొప్పి ఇంటర్వెల్‌కే వస్తాదా, వేరే పొద్దుల్లో కూడా వస్తాదా?" అన్నాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అలిగి రెండు నెలలు ఆ పక్కకు పోలేదు. ఆ రెండు నెలలు ఇప్పుడెవరిని అడిగినా తిరిగి ఇవ్వరు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్లో ఆ సినిమా పూర్తిగా చూశాను. కడపట ఆ అమ్మాయి లేస్తుంది. కిటికీ దాకా నడుస్తుంది. ఒక్క క్షణం తెరను వేళ్ళతో తడుముతుంది, తర్వాత తీస్తుంది. గంజి పెట్టని నూలు రంగు తెర. పాత సినిమాలో మనిషి చచ్చేది గాలివాటున. ఇక్కడ ఒకరు నిర్ణయించుకున్నారు. నేను గేలిచేసిన ఆ సినిమా గొప్పది. ఆ మాటే, నా పేరుతో, నా తప్పుతో సహా రెండు పేజీలు రాసి బావకు ఫోన్ చేశాను. ఎల్లుండి తెస్తానన్నాను.

"అయితే మోకాళ్ళు నయమైనాయి" అన్నాడు. నాతో ఆయన చివరి మాట అది.

పదకొండో దినం ముగిశాక ఇంట్లో జనం పలచబడ్డారు. మగ్గం మీద ఆయన నేసి ముగించిన పడుగు కొసలు, పోగులు దూర్చే అచ్చుపలకలోంచి వేలాడుతున్నాయి. పక్కింటాయన వచ్చి నేస్తానన్నాడట. అక్క మగ్గం వెనక చాప వేసుకుని, కొత్త పడుగు ముందర పెట్టుకుని అతుకుతోంది.

"రాసినావంట గదా, మీ బావ చెప్పినాడు. చదువు" అంది, తల ఎత్తకుండా.

చదివాను. అయిపోయాక అక్క ఇంకో పోగు అతికింది.

"ఆ అమ్మి తెర తీసిన కాడ మళ్ళా చదువు."

మళ్ళీ చదివాను. అక్క పోగు జారకుండా చిటికెడు బూడిద వేళ్ళకు అద్దుకుంది. ఆయన వదిలిన పోగును, కొత్త పోగును కలిపి బొటనవేలితో మెలిపెట్టింది. లాగి చూసుకుని, పక్క పోగు అందుకుంది.