ఛర్రా బందూకు పందెం

ఆ రోజుల్లో నాకు రెండే పిచ్చులు: మా మేనత్త కూతురు, నా ఛర్రా బందూకు. ఏది ముందని అడిగితే మాట మార్చేవాణ్ణి. బల్లార్‌పూర్‌లో కొత్తగా కొలువులో చేరినప్పుడు తోటివాళ్లంతా పెద్ద ఫోన్లు కొంటుంటే, నేను పాత సామాన్ల బజారు వెతికి, గొట్టాన్ని సగానికి వంచి లోపలి స్ప్రింగును బిగించి, ఛర్రాలనే చిన్న సీసపు గుళ్లు పేల్చే పాతకాలపు ఎయిర్‌గన్ తెచ్చుకున్నాను. గొట్టం కాస్త వంకర. గురిపెట్టిన చోటికి నాలుగు వేళ్లు ఎడమకు తగిలేది. సరే, దానికి బుద్ధి రాకపోతే నేనే మారాలని, నాలుగు వేళ్లు కుడికి గురిపెట్టడం అలవాటు చేసుకున్నాను. డాబా మీద డబ్బాలు టపటపా రాలేవి. కాలనీలో నా అంత గురి ఎవరికీ లేదని చెప్పుకుని తిరిగేవాణ్ణి. (కాలనీవాళ్లు నన్ను 'ఠాయ్‌ఠాయ్' అనేవాళ్లు. మెచ్చుకోలనే అనుకున్నాను.)

పెళ్లి మాటల దగ్గర మా అత్త అడ్డం తిరిగింది. "పిల్లనిస్త బిడ్డా. గని ఆ బందూకు ఇంట్ల ఉంటె ఇయ్య. రేపు ఎవరి కన్నన్న పోతె ఎవలు జిమ్మేదారు? పాత ఇనుము కొనే కబాడోనికి ఏసి రా పో!" రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మూడో రోజు చంద్రపూర్ జాతరకు వెళ్లినప్పుడు మరదలు బెలూన్ల దుకాణం ముందు ఆగింది.

"బావా, ఐదు ఎర్ర బెలూన్లు కొట్టు. కొడితె అమ్మను నేను ఒప్పిస్త, బందూకు నీ తాన్నే ఉంటది. తప్పితె అది నాది. ఏం జేస్తనో నా ఇష్టం."

నేను నవ్వాను. జాతర తుపాకులన్నీ వంకరవేనని ఆమెకు పాఠం చెప్పి, తుపాకీ భుజానికి ఆనించి, ఎప్పటిలాగే నాలుగు వేళ్లు కుడికి జరిగి కొట్టాను. ఎర్రదాని పక్కనున్న తెల్లది పేలింది. దుకాణాయన మరాఠీలో "వా, భావూ, వా!" అని చప్పట్లు కొట్టాడు. మళ్లీ కొట్టాను. మళ్లీ తెల్లదే. నాలుగు తెల్లవి పోయాక, పట్టుదలకొద్దీ బోర్డు కుడి చివరనున్న ఎర్రదానికి గురిపెట్టాను. దాని పక్కన మేకుకు దుకాణాయన చొక్కా వేలాడుతోంది. జేబుకు బొక్క పడింది. ఈసారి ఆయన చప్పట్లు కొట్టలేదు.

మరదలు నా చేతిలోంచి తుపాకీ లాక్కుని వరసగా ఐదు ఎర్రవి పేల్చేసింది.

"నీకెవరు నేర్పిండ్రు?" అన్నాను.

"నేర్సుకునుడేంది? సక్కగ సూసిన, కొట్టిన. నువ్వు పక్కకెందుకు సూసినవ్?"

దుకాణంలో ఉన్నది వంకరలేని తుపాకీ అని నాకప్పుడు తెలిసింది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఇంటికెళ్లగానే అత్త కబాడీవాడి కోసం గోనెసంచి తీసి పెట్టింది. మరదలు సంచిని మడిచి మూలకు విసిరింది. "అది బావది గాదమ్మా. నేను గెల్సుకున్న. నా సామాను నా ఎంబడే వస్తది" అంది. అత్త ఆ సంచిని అటక మీద పడేసి, "సరె, నీ సామాను నువ్వే సూసుకో" అంది.

అలా నా బందూకు నా ఇంటికే మా ఆవిడ సామానుగా వచ్చింది. పెళ్లైన కొత్తలో ఛర్రా లేకుండా ఉత్తగా పేలిస్తే స్ప్రింగు చెడిపోతుందని ఆమెకు గంటలకొద్దీ చెప్పిన మొనగాణ్ణి నేనే. ఇప్పుడు ఆదివారాలు బందూకు నా ఒళ్లో పెడుతుంది. ఛర్రాల డబ్బా మాత్రం తన అల్మారాలో పెట్టి తాళం వేసుకుంటుంది. "తుడుసుకో బావా, ఉత్తగ పేల్చకు, స్ప్రింగు పోతది" అంటుంది. నేను నూనె గుడ్డతో తుడుస్తూ, అంత శ్రద్ధగా పాఠం చెప్పిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.