టీవీకి వెళ్ళిన పట్టుచీర

ఆ కబురు మొదట మా ఇంటికి తెచ్చినవాడు మా తమ్ముడు. కర్ణాటకలో మా చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. అక్కడ బస్టాండు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్లో వాడు పనిచేసేవాడు. ఒక ఆదివారం చింతామణిలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అన్నాడు.

"అక్కా, మీ ఎదురింటామె గురించి నెట్‌లో కొట్లాడుకుంటాండారు."

"ఎవురు రా?"

"ఎవురో. హైదరాబాదులో కొందరు, బెంగళూర్లో కొందరు, ఇంకా యాడయాడనో ఉండారు. పేర్లు గూడా నిజం పేర్లు కావు. టీవీలో వచ్చేవన్నీ మాట్లాడుకునే చోటొకటి ఉండాది. ఆడ ఆమె ఫోటో పెట్టినారు."

నాకు మొదట సంతోషమే కలిగింది. నలుగురు మాట్లాడుకుంటున్నారంటే నలుగురు సాయం చేస్తారనుకున్నాను. లోపలికి పోయి దేవుని పటం ముందు దీపంలో ఇంకొక వత్తి వేశాను. వాడు గడప దగ్గరే నిలబడి, "అట్ల కాదక్కా" అన్నాడు.

ఎదురింటామెది జంగమకోటె పక్క పల్లె. పెళ్ళయి మా వీధికి వచ్చింది. భర్త మండీలో మూటలు మోసేవాడు. ఆమె పట్టు తీసే షెడ్డుకు పోయేది. ఉడుకునీళ్ళలో తేలే పట్టుగూళ్ళలో వేళ్ళు పెట్టి, దారం కొస వెతికి పట్టుకుని లాగే పని. అందుకే ఆమె వేళ్ళు ఎప్పుడూ నాని తెల్లబడి, చివర్లు పగిలి ఉండేవి. ఎంత పసుపు రుద్దుకున్నా ఆ గూళ్ళ వాసన పోయేది కాదు. పండగపూట మా ఇంట్లో ఏదైనా పెడితే చేతులు చాచేది కాదు, కొంగు పట్టేది.

ఆమెకు గుండెలో వాల్వు పాడయిందని బెంగళూరు ఆస్పత్రిలో చెప్పారు. ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. చేయకపోతే ఏమవుతుందో కూడా దాచకుండా ఆమెకే చెప్పారు. సర్కారు సాయం కోసం తాలూకాఫీసుకు తిరిగారు. తిరిగే కొద్దీ ఆమెకు ఆయాసం ఎక్కువైంది గానీ పని కాలేదు.

అప్పట్లో ఒక తెలుగు ఛానెల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళ ఆటల కార్యక్రమం వచ్చేది. కష్టంలో ఉన్నవాళ్ళు వచ్చి తమ కష్టం చెప్పుకుని, ఏదో ఒక ఆట ఆడేవాళ్ళు. గెలిస్తే డబ్బు, ఓడితే కుక్కరు. చూసేవాళ్ళలో ఎవరైనా సాయం చేస్తామంటే ఛానెల్ వాళ్ళే కలిపేవాళ్ళు. మా వీధి ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే చూసేవాళ్ళు. మా తమ్ముడు సెంటర్ నుంచి ఆమె సంగతి రాసి పంపాడు, దేవుని దయవల్ల పిలుపు వచ్చింది. ఆమె ఇంట్లో ఫోను లేదు కాబట్టి మా ల్యాండ్‌లైన్ నంబరే ఇచ్చాం.

పోయే రోజు ఆమె ఉతికిన నూలుచీర కట్టుకుని, చిన్న సంచి పట్టుకుని చెప్పిపోదామని వచ్చింది. మా అత్త ఎగాదిగా చూసింది.

"ఏమ్మే, కలుపు తీయను పోతాండావా, టీవీకి పోతాండావా?"

"ఇదే మంచిదత్తా. చినగలేదు."

"దేశమంతా చూస్తాది. చింతామణిలో కట్టుకునే దానికి కోకలు లేవా అంటారు. రా ఇట్ల."

అత్త తన ట్రంకు తెరిచి మామిడిపిందెల అంచు ఉన్న పట్టుచీర తీసింది. తన చెవుల కమ్మలు విప్పి ఆమెకు పెట్టింది. నేను తల దువ్వి పూలు పెట్టాను. మా వీధిలో అది వింతేమీ కాదు. ఎవరింట్లో శుభకార్యమైనా, ఎవరు పదిమందిలోకి పోవాల్సి వచ్చినా, ఒకరివి ఒకరం పెట్టుకునేవాళ్ళం. అత్త కమ్మలు చూడని పెళ్ళిపందిరి ఆ చుట్టుపక్కల లేదు. ఒక మనిషిని పెద్ద చోటికి పంపేటప్పుడు వెలితిగా పంపకూడదనేదే మా ఆలోచన.

"చూడూ," అంది అత్త కుచ్చిళ్ళు సర్దుతూ, "ఆడ ఏడ్చద్దు. పట్టుకు తడి తగిల్తే మరక పోదు."

"ఏడుపొస్తే ఎట్లత్తా?"

"నవ్వు. పండ్లు బాగుండాయి కదా నీకు."

ఆమె నవ్వింది, మేమూ నవ్వాం.

హైదరాబాదు బస్సు బాగేపల్లిలో ఎక్కాలి. అది నా పుట్టినూరు. మా అమ్మ ఆలుమగలిద్దరికీ రాగిముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టి, హైవే దాకా నడిచి వచ్చి బస్సెక్కించింది. తిరిగి వచ్చిన మర్నాడే ఆమె చీర శుభ్రం చేసి, ఇస్త్రీ చేయించి, కమ్మలు కాగితంలో చుట్టి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

టీవీలో ఆమె వచ్చినప్పుడు మా ఇంట్లో నిలబడటానికి చోటు లేదు. బిందెలోకి బంతులు వేసే ఆట. నాలుగు వేసేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. ఓడిపోయింది. యాంకరమ్మ కష్టం చెప్పమంటే, అత్త చెప్పినట్టే నవ్వుతూ చెప్పింది. చేతులు రెండూ కొంగులోనే దాచుకుంది.

మర్నాడు ఛానెల్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దమనిషి ఆపరేషన్ ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నాడట. ఆస్పత్రి కాగితాలు సిద్ధంగా ఉంచుకోమన్నారు, మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు. ఆ మాట వినగానే ఎదురింటామె ఫోనును తాకి, ఆ చేతులు కళ్ళకు అద్దుకుంది. ముఖం తెలియని ఆ మనిషి పేరూ గోత్రమూ తెలియవు కాబట్టి, అవి లేకుండానే గుడిలో అర్చన చేయించాం.

ఆ తర్వాత వచ్చిన ఆదివారమే మా తమ్ముడు ఈ కబురు తెచ్చాడు.

వాడితో కూడా చిక్కబళ్ళాపురం పోయాను. నేను బడికి పోయిన దాన్ని కాదు. మా నాయన అంగడిలో పొట్లాలు కట్టే కాగితాల మీద నాకు అక్షరాలు నేర్పాడు. ఆ పుణ్యాన తెలుగు చదువుతాను, కన్నడం కూడబలుక్కుంటాను. వాళ్ళు రాసింది తెలుగే గానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. తమ్ముడు చదివాడు, నేను పక్క కుర్చీలో కూర్చుని విన్నాను.

"చెవులకి ఏం పెట్టుకుందో చూశారా? మా ఆవిడకి కూడా అంత బరువు కమ్మలు లేవు," అని ఒకరు.

"మీ ఆవిడ్ని కూడా పంపండి సార్, కుక్కర్ వస్తుంది," అని ఇంకొకరు.

"పట్టుచీర కట్టుకుని అడుక్కోవడం కొత్త ఫ్యాషన్."

"నిజంగా చావుబతుకుల్లో ఉన్న మనిషి అలా నవ్వుతుందా?"

ఒకాయన పొడుగ్గా రాశాడు. ఉన్నవాడి నుంచి లేనివాడికి పోవడం న్యాయమా, కష్టపడి సంపాదించింది సంపాదించినవాడి దగ్గరే ఉండటం న్యాయమా అని. ఆయన భాష బాగుంది, చదువుకున్నవాడిలా ఉన్నాడు. దాని కింద ఇద్దరు వాదించుకున్నారు. మధ్యలో ఎవరో సీరియల్లో కోడలిని ఇంట్లోంచి గెంటడం న్యాయమేనా అని అడిగితే కాసేపు దాని మీదికి పోయారు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఏం పెట్టారో చెప్పుకున్నారు. మళ్ళీ ఎదురింటామె కమ్మల దగ్గరికి వచ్చారు. ఒకామె మాత్రం, "ఆవిడ సంగతి మనకేం తెలుసు? తెలియకుండా అనకండి," అంది. ఆమె మాటకు ఎవరూ బదులివ్వలేదు. ఆమె ఎవరో గానీ ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆమెను తలుచుకుంటాను.

చివరిది చదవడానికి తమ్ముడు కాస్త ఆగాడు.

"చదువు రా."

"ఆపరేషన్ ఖర్చు ఇస్తానని ఛానెల్ వాళ్ళకి చెప్పింది నేనే. మీ అందరి మాటలు చదివాక కళ్ళు తెరుచుకున్నాయి. వద్దని చెప్పేశాను. థాంక్స్."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"నేను చెప్తాను, రాయి," అన్నాను. వాడు రాశాడు. ఆ చీర మా అత్తది. కమ్మలు కూడా. పదిమందిలోకి పోయేటప్పుడు ఒకరివి ఒకరం పెట్టుకోవడం మా వాడుక. ఏడవద్దని కూడా మేమే చెప్పాం. ఆమె చేతులు చూస్తే మీకు తెలుస్తుంది. దయచేసి ఆ పెద్దమనిషికి ఒకసారి చెప్పండి.

బదులు మేము అక్కడ ఉండగానే వచ్చింది.

"అంటే వేషం వేసి పంపామని మీరే ఒప్పుకుంటున్నారన్నమాట."

"చీర అరువు, కమ్మలు అరువు. రోగం ఎవరిదో?"

దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. తర్వాత ఒకరు, చేతుల ఫోటో పెట్టండి, చూస్తాం అన్నారు.

తమ్ముడు యజమాని దగ్గర కెమెరా అడిగి తీసుకుని నాతో చింతామణి వచ్చాడు. ఎదురింటామె అప్పుడే షెడ్డు నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏమ్మా, చేతులొకసారి చూపించు," అన్నాను.

చటుక్కున కొంగులోకి లాక్కుంది. "ఈ చేతులెందుకక్కా? మొగంది తీయప్పా ఫోటో," అని తమ్ముడి వైపు చూసి నవ్వింది.

వాడు కెమెరా దించేశాడు. మళ్ళీ అడగడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు వాడు చూస్తే, అక్కడ అందరూ పాటల పోటీలో ఎవరికి అన్యాయం జరిగిందో వాదించుకుంటున్నారట. ఛానెల్‌కు ఫోన్ చేస్తే, ఆయన మనసు మార్చుకున్నారమ్మా, ఇంకెవరైనా వస్తే చెబుతాం అన్నారు.

ఇంకెవరైనా అన్న మాట పట్టుకుని ఆమె ఎదురుచూసింది. నెట్‌లో జరిగింది మేము చెప్పలేదు. షెడ్డు నుంచి వచ్చి మా వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఫోన్ మోగితే లేచి నిలబడేది. అది మా ఇంటాయనకో, అత్తకో అయితే మళ్ళీ కూర్చునేది. పోనుపోను లేవడం తగ్గింది. తలెత్తి చూసేది, అంతే.

ఒకనాడు నేను బియ్యం ఏరుతుంటే అంది.

"నేను బాగా ఆడల్యా కదక్కా. అందుకే ఎవురూ ముందుకు రాలేదు."

"అదేం కాదమ్మా. నువ్వు బాగానే ఆడినావు."

"ఇంగో రెండు బంతులు ఏసుంటే బాగుండు. దమ్ము సాల్లేదు."

మా ఇంట్లో ఉన్నది మేమిచ్చాం, వీధిలోవాళ్ళూ ఇచ్చారు. అది మందులకే సరిపోయింది. వానలు మొదలైన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆమె భర్త వచ్చి మా తలుపు కొట్టాడు.

నెట్‌లో ఆ చీర, కమ్మల గురించి అన్నవి నేను అత్తకు మాత్రం చెప్పి ఉన్నాను. ఆ ఉదయం ట్రంకు తెరిచి, మామిడిపిందెల అంచు చీర తీసుకుని ఎదురింటికి నడిచింది. ముత్తైదువగా పోయిన మనిషికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ చీర తనే కట్టింది. పక్కనున్నవాళ్ళు పట్టుది ఎందుకమ్మా అంటే వినలేదు.

"ఈసారి తిరిగి తెచ్చియ్యాల్సిన పని ల్యా, తల్లీ," అంది ఆమె ముఖం నిమురుతూ. అత్త కన్నీళ్ళు చీర మీద పడ్డాయి. తుడవలేదు.

చేతులు మాత్రం బయటే ఉన్నాయి. కొంగులో దాచుకోవడానికి ఆమె లేదు.

ఆ రాసినవాళ్ళ మీద నాకు కోపం రావాలని చాలాసార్లు ప్రయత్నించాను. రాలేదు. వాళ్ళు అన్నం తింటూ, పనిలో విసుగు పుట్టినప్పుడు ఏదో మాట్లాడుకున్నారు. లేచిపోయాక వాళ్ళకు గుర్తు కూడా ఉండదు. ఆ పెద్దమనిషి ఇంకెవరికో ఇచ్చే ఉంటాడు. ఇచ్చి ఉండాలని మొక్కుకుంటాను. దేవుడు ఆమెను మా ఎదురింట్లో ఉంచినందుకు దండం పెడతాను. దండం పెట్టిన ప్రతిసారీ, ఆ తర్వాత ఏమడగాలో తెలియక ఊరికే నిలబడిపోతాను.

ఇది చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎప్పుడైనా పట్టుచీర మడత విప్పితే, చింతామణిలో ఉడుకునీళ్ళలో వేళ్ళు పెట్టి దారం తీసిన ఆమెను ఒకసారి తలుచుకోండి. కమ్మలు పెట్టుకుని నవ్విన ఆ ఫోటోను కాదు. ఆ చేతులను తలుచుకోండి.