ఎడమచేతి కుట్టు

లాక్‌డౌన్ మొదలైన వసంతంలో, బెర్లిన్‌లో మా బిల్డింగ్ మొత్తానికి మాస్కులు కుట్టింది నేనే. ఎవరూ అడగలేదు. ఆఫీసు ఇంట్లోకి వచ్చేసింది. పిల్ల వెళ్ళే కీటా, అంటే ఇక్కడి బాలవాడి, మూసేశారు. మా ఆయన వంటింట్లో మీటింగులు పెట్టేవాడు. తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట. నాకు ఆ దారీ లేక, కింద నేలమాళిగలో పడున్న కుట్టుమిషన్ పైకి మోయించాను.

కుట్టు నాకు నాన్న నేర్పింది. ఏలూరులో పోలీసు యూనిఫాంలు కుట్టే టైలర్ ఆయన. చొక్కా చేతికి పట్టీలు వేయాలంటే స్కేలు పెట్టి, సుద్దగీత గీసి, అప్పుడే సూది పట్టేవాడు. "పట్టీ వంకరైతే సెల్యూట్ కూడా వంకరేనే" అనేవాడు. నా కుట్టు గీత దాటితే అదే స్కేలు నా వేళ్ళ మీద పడేది. ఆ దెబ్బలకో ఏమో, వంకరగా ఉన్నదేదైనా కనబడితే ఈనాటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా కింది ఫ్లాటులో ఎనభై ఎనిమిదేళ్ళ ఆవిడ ఒంటరిగా ఉండేది. చూపు దాదాపు పోయింది. వేరే ఊళ్ళో ఉన్న కొడుకు కరోనా భయంతో రావడం మానేశాడు. నేను మాస్కు ఇచ్చిన మర్నాడు ఫోన్ చేసింది.

"మా నాన్న కోటు సంచిలో పెట్టి తలుపుకి తగిలించాను. లోపలి లైనింగ్ చిరిగింది. అది మాత్రం కుట్టిపెట్టు."

ఆ కోటు కథ ఫోన్లోనే చెప్పింది. వాళ్ళ నాన్న చెక్ మనిషి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా చక్రవర్తి తరఫున పోయి రష్యాకి బందీగా చిక్కాడు. అక్కడ బందీలైన చెక్‌లూ స్లోవాక్‌లూ కలిసి తమ దేశం కోసం సొంత సైన్యం కట్టుకున్నారు. దేశం ఇంకా పుట్టనేలేదు. కోటు రష్యావాళ్ళది, గుర్తులు మాత్రం తమవి. టోపీకి ఎరుపూ తెలుపూ రిబ్బను, ఎడమచేతికి డాలు ఆకారంలో గుడ్డ బ్యాడ్జీ. ఆయన ఇంజినీర్ల దళంలో వంతెనలు వేసేవాడు. అందుకని బ్యాడ్జీ మీద అడ్డంగా రెండు గొడ్డళ్ళు.

సంచి పైకి తెచ్చి కోటు విప్పాను. దళసరి ఉన్నిగుడ్డ, ఒకటే కర్పూరం వాసన. లైనింగ్ గంటలో అయిపోయింది. అంతటితో ఊరుకోవచ్చుగా! బ్యాడ్జీ కంటబడింది. ఒక పక్కకి ఒరిగి ఉంది. కుట్లు ఒకటి బెత్తెడు, ఒకటి గోరంత. ఎవడో చేతకానివాడు కుట్టాడనుకున్నాను. సుద్దతో గీత గీసి, పాత దారం మొత్తం ఊడదీసి, గట్టి కొత్త దారంతో తిన్నగా కుట్టేశాను. ఫోటో తీసి నాన్నకి పంపించాను కూడా.

కోటు తిరిగిచ్చేటప్పుడు ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను మాస్కు పెట్టుకుని మెట్ల మీద రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాను. ఆవిడ చెయ్యి లైనింగ్ జోలికి పోలేదు. నేరుగా బ్యాడ్జీ మీదికి పోయింది. వేలు దాని చుట్టూ తిరిగి ఆగిపోయింది.

"ఇది మా నాన్నది కాదు" అంది.

నాకు చర్రున కోపం వచ్చింది. "మీ నాన్నదే. వంకరగా ఉంటే సరిచేశాను" అన్నాను.

ఆవిడ అరవలేదు. నెమ్మదిగా చెప్పింది. సైబీరియాలో ఒక వంతెన దగ్గర చలికి ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయట. బ్యాడ్జీలు కుట్టిపెట్టే దర్జీ లేడు. ఎడమచేత్తో ఆయనే కుట్టుకున్నాడట. "నాన్న ముఖం గుర్తు రావడం మానేసింది. ఫోటో ఉన్నా కనబడదు. రోజూ ఆ కుట్లే తడుముకునేదాన్ని."

సిగ్గుతో చచ్చిపోయాను. కోటు మళ్ళీ ఇమ్మని మాత్రం అడగగలిగాను.

నాన్నకి వీడియో కాల్ చేసి ఏడ్చాను.

"లైనింగ్ కుట్టమంటే బ్యాడ్జీ ఎవరు విప్పమన్నారే నిన్ను?" అన్నాడు.

"వంకరగా ఉంది నాన్నా."

"అదేమన్నా రేపు పెరేడ్‌కి వెళ్ళే చొక్కానా? పాత దారం ఏం చేశావు?"

"నువ్వు చేసినట్టే చేశాను. కోటు జేబులో ఉంది."

మా నాన్న దుకాణంలో విప్పిన దారం పారేయరు. కాగితంలో చుట్టి ఆ బట్ట జేబులోనే వేస్తారు. ఏది తీశామో ఇచ్చినవాళ్ళు చూసుకోవాలని. ఆ అలవాటు చెయ్యి మరిచిపోలేదు.

"ఉన్నిగుడ్డలో సూది బెజ్జాలు అంత తొందరగా పూడవు. వెలుతురుకి పెట్టి చూడు. ఆ బెజ్జాల్లోనే దించు" అన్నాడు.

నిజంగానే కనబడ్డాయి. కానీ పాత దారం పొడి పొడి అయిపోతోంది. జానెడు ముక్క ఒక్కటే సూదికి నిలిచింది. దానితో ఒక మూల కుట్టి, మిగతాది మామూలు నూలు దారంతో మొదలుపెట్టాను. బెజ్జాలు దారి చూపిస్తున్నా నా చెయ్యి వాటిని దాటేసి తిన్నగా పోతోంది. రెండుసార్లు విప్పాను. ఇక లాభం లేదని సూది ఎడమచేతికి మార్చాను. మూడు రోజులు పట్టింది. వేళ్ళనిండా పోట్లు.

నాలుగో రోజు మళ్ళీ అదే కుర్చీ, అవే మెట్లు. ఆవిడ వేలు కుట్టు వెంబడి మెల్లగా నడిచింది. మూల దగ్గర ఆగింది.

"ఇక్కడ మా నాన్న" అంది. వేలు ఇంకొంచెం జరిపింది. "ఇక్కణ్ణుంచి నువ్వు. ఏ చేత్తో కుట్టావు?"

"ఎడమచేత్తో."

ఇలా తెమ్మన్నట్టు చెయ్యి చాపింది. రెండు మీటర్ల సంగతి ఆవిడకీ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. నా ఎడమచెయ్యి పట్టుకుని పోట్లన్నీ తడిమి చూసింది. తర్వాత కుడిచెయ్యి అడిగింది. వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టి, అయిదూ ఉన్నాయని చూసుకుని వదిలింది.